రాళ్ళక్క గోడ చదువు

ఫిబ్రవరి 4

ఒరేయ్ బుడ్డోడా,

చేతిలో ఇస్త్రీపెట్టె ఉంటే ముందు పక్కన పెట్టు. లేకపోతే ఈ ఉత్తరం చదువుతూ ఎవరి చొక్కానో మాడ్చేస్తావు. పెట్టావా? ఇప్పుడు విను. మీ అక్కకి కాలేజీలో సీటొచ్చింది!

నిజంరా, ఒట్టు. జైల్లో కాలేజీ ఏంటి, దీనికేమైనా మతి పోయిందా అనుకుంటున్నావు కదూ? బయట కాలేజీవాళ్ళే లోపలికొచ్చి పాఠాలు చెబుతారు, పరీక్షలు పెడతారు. రెండేళ్ళు చదివి గట్టెక్కితే బయట పిల్లలకిచ్చే పట్టానే మాకూ ఇస్తారు. దాని మీద జైలు అన్న ముక్క ఎక్కడా ఉండదట. పరీక్ష రాసినవాళ్ళు బోలెడుమంది. తీసుకున్నది పన్నెండుమందినే. నన్ను పిలిచినప్పుడు వినబడనట్టు నిలబడ్డాను, మళ్ళీ పిలిస్తే ఇంకోసారి వినొచ్చని.

ఎందుకు చదవాలనుకుంటున్నారని పాఠాలు చెప్పే మేడమ్ అడిగింది. ఉన్నమాటే చెప్పాను. "మా ఇస్త్రీ షాపు ఖాళీ చెయ్యమని గొడవకొచ్చిన మనిషి మీదికి చేతిలో ఉన్న ఇస్త్రీపెట్టె విసిరానండి. ఆయన చచ్చిపోయాడు. అది నేను చేసిందే, కాదనను. కానీ ఇక్కడందరూ నన్ను 'ఇస్త్రీపెట్టె' అనే పిలుస్తారు. పోయేదాకా నా పేరు అదేనా? ఇంకో పేరు తెచ్చుకోవాలని ఉంది" అన్నాను. ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుంది. నీకు తెలుసుగా, నేను ఆ రోజు నుంచి ఇస్త్రీపెట్టె ముట్టలేదు. ఇక్కడ లాండ్రీ పని ఇస్తామంటే వద్దని వంటగదికి పోయినదాన్ని.

ఇంతకీ ఏం చదువో చెప్పలేదు కదూ! రాళ్ళు! భూమిలో రాళ్ళెలా పుట్టాయి, ఎలా పెరిగాయి, అదంతా. తమాషా ఏంటంటే జైల్లోకి రాయి తేకూడదు. మేడమ్ పాపం సంచీడు గులకరాళ్ళు మోసుకొస్తే గేటు దగ్గర లాక్కున్నారు. రాయంటే ఆయుధమట. దాంతో బొమ్మలు చూసి రాళ్ళు నేర్చుకుంటున్నాం. అయినా ఎంత బాగుందో చెప్పలేను! మరదలికి చెప్పు. అందరికీ చెప్పు.

మీ అక్క (కాలేజీ విద్యార్థిని. ఇకనుంచి కాస్త మర్యాదగా మాట్లాడు)


ఫిబ్రవరి 15

అక్కా, కాదు, కాలేజీ అక్కగారూ,

నువ్వు చెప్పినట్టే పెట్టె పక్కన పెట్టాను. కాకపోతే పెట్టింది ఒకాయన ప్యాంటు మీద. నీ మూలంగా ఆయనకి కొత్త ప్యాంటు కొనివ్వాలి. పర్లేదు, ఇంకో రెండు మాడినా పర్లేదు!

మీ మరదలు ఆవిరి గొట్టం వదిలేసి చప్పట్లు కొట్టింది. గొట్టం పాములా లేచి దండెం మీద ఉన్న బట్టలన్నీ తడిపేసింది. షాపుకొచ్చిన వాళ్ళందరికీ చెబుతున్నాను. "మా అక్క కాలేజీలో చేరింది" అంటే "ఏ కాలేజీ?" అంటారు. "చాలా కట్టుదిట్టమైన కాలేజీ, బయటికి పంపరు" అంటాను. మీ మరదలు వీపు మీద ఒకటేసింది.

షాపు బాగానే నడుస్తోంది. బట్టలకి అంటించడానికి నంబర్లు కొట్టే మిషను కొన్నాం. నేను మాత్రం ఇంకా గుర్తుసిరాతో కాలరు లోపల నువ్వు నేర్పిన గుర్తులే వేస్తున్నాను. మనింటి బట్టలకి నువ్వు పెట్టిన రెండు చుక్కలూ ఒక గీతా ఉన్నాయే, ఆ గుర్తు వెయ్యకుండా నా చొక్కా కూడా తొడుక్కోను.

ఒక్కటే దిగులు. నువ్వున్నచోటికి రావాలంటే ఒక రైలు, రెండు బస్సులు. ఏడాదికి రెండుసార్లు కూడా కుదరడం లేదు. ఇక్కడ మనూరి జైలు మన బట్టలబండి తిరిగే దారిలోనే ఉంది. దాని ముందునుంచి పోయినప్పుడల్లా, నువ్వు ఇందులో ఉండుంటే ఎంత బాగుండు అనుకుంటాను. ఇదేం కోరికో చూడు!

బాగా చదువు. కాపీ కొట్టకు.

నీ బుడ్డోడు (నలభై దాటాయి, ఇంకెన్నాళ్ళు పిలుస్తావే అలా?)


ఏప్రిల్ 2

ఒరేయ్ బుడ్డోడా,

ముందుగా ఈ ఉత్తరం చదివి పంపే ఆఫీసరమ్మ గారికి నమస్కారం. అమ్మా, సిరా కాస్త పొదుపుగా వాడండి.

తమ్ముడూ, ఉత్సాహం పట్టలేకుండా ఉన్నానురా! రోజూ సాయంత్రం గోడ దగ్గరే ఉంటున్నాం. ██████████████████ ఉత్తరం మూల ████████████ అక్కడొక పగులుంది, వేలు దూరుతుంది! ██████████████████████ గోరుతో గీకి చూశాను, ██████████ ఇన్నేళ్ళూ దీని పక్కనే నడిచి ఒక్కసారి కూడా చూడలేదే అని నెత్తి కొట్టుకున్నాను. ████████████████ పన్నెండుమందిమీ ఒకే మాట మీదున్నాం. మేడమ్ కూడా మావైపే. ██████████ పైవాళ్ళకి తెలిస్తే ఒప్పుకుంటారో లేదో అని భయపడ్డాం గానీ ██████████████.

మాలో ఒకామెని వాళ్ళూరి జైలుకి మార్చేశారు. ██████████████ ఆమె అదృష్టం ████████████████████. మేమందరం ఏడ్చాం.

ఆగస్టులో అసలు రోజు. ████████████ బయటినుంచి కూడా మనుషులొస్తారు. నువ్వు ఆ రోజు గేటు దగ్గర సిద్ధంగా ఉండాలి. మంచి చెప్పులేసుకురా, చాలా నడవాలి. తక్కినది చెప్పను, నీకు గుండె ఆగిపోవాలి!

మీ అక్క


ఏప్రిల్ 9

అక్కా,

నీ ఉత్తరం అందింది. చదివాను. మళ్ళీ చదివాను. మీ మరదలికి చూపించలేదు.

మేమంతా క్షేమం. నువ్వు ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకో. గోడల దగ్గర తేమ ఎక్కువ, నీకసలే జలుబు. గోడలకి దూరంగా ఉండడం అన్నివిధాలా మంచిది. పగుళ్ళలో పురుగూ పుట్రా ఉంటాయి, వేళ్ళు పెట్టకు.

ఈ వయసులో అంత సాహసం దేనికక్కా? ఇంకా ఉన్నది ఆరేళ్ళేగా, ఎంతలో గడిచిపోతాయి! బుద్ధిగా ఉన్నదాంట్లో ఉండు. ఆ పన్నెండుమందితో తిరగడం తగ్గించు. మేడమ్ అన్నావిడ నాకేం నచ్చలేదు, చదువుకున్నవాళ్ళు కూడా ఇలా తయారయ్యారంటే ఎవర్ని నమ్మాలి?

ఆగస్టుకి నేను రాను. గేటు దగ్గర అసలు నిలబడను. నాకు పెళ్ళాం ఉంది, షాపు ఉంది. నువ్వూ ఆ రోజు ఎక్కడికీ కదలకుండా కడుపునొప్పని పడుకో.

ఇందులో దాచుకోవలసిందేమీ లేదని ఆఫీసరు గారికి మనవి.

నీ తమ్ముడు


ఏప్రిల్ 20

తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. ఇంత మాట నీ నుంచి వస్తుందనుకోలేదు. కస్టమర్లందరికీ చాటింపు వేసినవాడివి, రెండు నెలలు తిరక్కుండానే 'ఈ వయసులో దేనికి' అంటావా? ఉన్నదాంట్లో ఉండాలా? అమ్మానాన్నా పోయాక నీ పుస్తకాలకోసం రాత్రింబవళ్ళు చొక్కాలు రుద్దినదాన్ని. నేను ఏనాడైనా నిన్ను 'నీకెందుకురా' అన్నానా?

సరే, నీకు నచ్చకపోతే మానెయ్. నేను మాత్రం ఆగను. ఎవరొచ్చి ఆపినా ఆగను. మొదలుపెట్టింది పూర్తి చేసే తీరతాను.

ఆగస్టుకి రాకు. నాకోసం చెప్పులు అరగదీసుకోనక్కర్లేదు.

అక్క


మే 1

అక్కా,

కోప్పడకు. ఆగనంటే ఆపడానికి నేనెవర్ని? కానీ తమ్ముణ్ణి కదా, ఊరుకోలేను.

ఒక పని చేశాను. ఏంటో చెప్పను, నీకే తెలుస్తుంది. తెలిసిన రోజున ఎగిరి గంతేస్తావు. ఆ మాయదారి గోడ మొహం మళ్ళీ చూసే పనుండదు! మీ మరదలు 'మీ ఆశ్చర్యాలతో చచ్చిపోతున్నాం, ముందు ఆవిడకి చెప్పి చెయ్యండి' అంటోంది. దానికేం తెలుసు?

నోరు తీపి చేసుకోవడానికి సిద్ధంగా ఉండు.

నీ బుడ్డోడు


మే 24

ఒరేయ్,

కోపాలూ తాపాలూ పక్కన పెట్టు. నాకు నువ్వు తప్ప ఎవరూ లేరు, సాయం చెయ్యి. నన్ను ఇక్కణ్ణించి మార్చేస్తున్నారు!

నిన్న ఆర్డరొచ్చింది. నెల తిరిగేలోగా మనూరి జైలుకట. ఎవరడిగారో, ఎందుకో అందులో లేదు. అక్కడ కాలేజీ లేదురా! ఇక్కడ చదివిన చదువు అక్కడ చెల్లదు. మారితే ఇంతే సంగతులు. ఒకామెని మార్చారని రాశానే, 'అందరూ ఆమె అదృష్టం అంటున్నారు గానీ పాపం చదువు మట్టిలో కలిసిపోయింది' అన్నాను కదా, ఇప్పుడు నాకూ అదే గతి.

ఆఫీసరమ్మ ఎదురుగా కూర్చునే రాస్తున్నాను. 'ఇదైనా కొట్టేయకండి' అని బతిమాలితే, గోడ కొలతలు రాయకుండా ఏమైనా రాసుకోమంది. అందుకని ఇప్పుడు సాఫీగా చెబుతున్నాను. రాళ్ళు లోపలికి రానివ్వరు కదా. ఒకరోజు మేడమ్ తల పట్టుకుని కూర్చుంటే నేనే అన్నాను, "రాళ్ళు తేవడం దేనికండీ, మన చుట్టూ ఉన్నది రాతిగోడే కదా" అని. ఆవిడ కుర్చీలోంచి లేచి నన్ను వాటేసుకుంది! జైలు పెద్దగారు ఒప్పుకోరేమో అనుకున్నాం, ఒప్పుకున్నారు. అప్పట్నుంచీ గోడే మా పుస్తకం. పగులు దగ్గర రాయి లోపలి రంగు తెలుస్తుంది. గులాబీ రంగుది ఒకటి, గాజులా ఉండేది పలుగురాయి, మిలమిల మెరిసేది కాకిబంగారం. భూమి అడుగున కరిగిన రాయి చాలా చాలా నెమ్మదిగా చల్లారితేనే అంత పెద్ద పలుకులు కడుతుందట. గబగబా చల్లారితే ఏమీ కట్టదు. ఆగస్టులో కాలేజీవాళ్ళ ముందు గోడ చుట్టూ నడుస్తూ నేను దీని గురించి మాట్లాడాలి. అందుకే నిన్ను చెప్పులేసుకు రమ్మన్నది.

మొన్న వంటగదిలో ఒకమ్మాయి నన్ను 'రాళ్ళక్కా' అని పిలిచింది. ఎవర్నో అనుకున్నానురా. నన్నే!

నా మీద ఇంత కసి ఎవరికో తెలియదు. ఆ దుర్మార్గుడి చొక్కా ఏనాటికీ మడత నిలవకూడదు! ఆర్డరు విన్నప్పుడు ఒళ్ళు భగ్గుమంది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, శాంతించేదాకా అలాగే కూర్చున్నాను. నువ్వు వెంటనే ఆఫీసుకి పోయి ఎవరి పనో కనుక్కో. ఎలాగైనా ఆపించు.

అక్క


మే 28

అక్కా,

ఆ దుర్మార్గుణ్ణి నేనే.

తిట్టు. ఆపకుండా తిట్టు. నేను ఆగి ఉంటాను.

తిట్టావా? ఇప్పుడు నా మాట విను. నీ ఏప్రిల్ ఉత్తరంలో నాకు కనబడిందేంటో తెలుసా? గోడ, పగులు, పన్నెండుమంది ఒకే మాట, బయటి మనుషులు, గేటు దగ్గర నేను, నడవడానికి చెప్పులు! గోడ దూకి పారిపోతున్నావనుకున్నానే! రాళ్ళ చదువు చెప్పి మా అక్కకి గోడలు పగలగొట్టడం నేర్పారనుకున్నాను. మేడమే ముఠా నాయకురాలని కూడా అనుకున్నాను, ఆవిడకి నా క్షమాపణ చెప్పు. నల్లసిరా కింద ఏముందో చూద్దామని మన మరకల మందు కూడా వేశాను. ఇరవయ్యేళ్ళుగా మరకలు తీస్తున్నవాణ్ణి, నాకు లొంగని మరకా అనుకున్నాను. సిరా నిక్షేపంలా ఉంది, నీ అక్షరాలు పోయాయి. చివరికి 'మార్చేశారు', 'ఆమె అదృష్టం' అన్న రెండు ముక్కలే మిగిలాయి. అది పట్టుకుని దరఖాస్తు పెట్టాను. ఇక్కడికొస్తే గోడ గొడవ వదిలిపోతుంది, నీ ప్రాణం నిలబడుతుంది అనుకున్నాను.

నీ చదువు నాకు నచ్చకపోవడమా? నువ్వు అలా అనుకున్నావని తెలిసి అన్నం సయించలేదు. మీ మరదలైతే రెండు రోజులనుంచి నాతో మాట్లాడకుండా బట్టలతో మాట్లాడుతోంది. 'చూశావా చొక్కా, ఈయన తెలివి' అంటుంది.

నిన్న ఖైదీల మార్పిడి చూసే ఆఫీసుకి పోయాను. దరఖాస్తు వెనక్కి తీసుకుంటానంటే గుమాస్తా నోరు వెళ్ళబెట్టాడు. "దగ్గరికి మార్చమని కాళ్ళు పట్టుకునేవాళ్ళని చూశాను గానీ, దూరంగానే ఉంచమన్నవాణ్ణి నిన్నే చూశానయ్యా! ఆవిడంటే నీకు పడదా?" అన్నాడు. "పడక కాదండీ, ఆవిడ కాలేజీలో ఉంది" అన్నాను. పెట్టినవాడే రద్దు చేసుకోవచ్చట, ఒక్క సంతకం చాలట. పెన్ను తీసుకున్నాను గానీ సంతకం చెయ్యలేదు.

ఎందుకంటే, భయం ఒక్కటే కాదక్కా. నిన్ను చూడాలని ఉంది. వారం వారం బండి ఆపి, పదినిమిషాలు నీ ఎదురుగా కూర్చోవాలని ఉంది. నీకూ ఉందేమో. ఇదివరకు నిన్ను అడక్కుండా చేశాను. ఈసారి అడిగే చేస్తాను. వస్తావా, ఉంటావా? నువ్వు ఏది చెబితే అదే.

వెంటనే రాయి. గడువు దగ్గరపడుతోంది.

నీ దుర్మార్గుడు


జూన్ 5

నా పిచ్చి బుడ్డోడా,

నీ ఉత్తరం చదివి నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. గోడ దూకడం! మెట్లెక్కితేనే ఆయాసపడేదాన్ని! క్లాసులో అందరికీ చదివి వినిపించాను. 'ముఠా నాయకురాలు' అన్నచోట మేడమ్ నవ్వి నవ్వి బల్ల మీద వాలిపోయింది.

నువ్వు అడిగినదానికి జవాబు రాయడానికి మూడు కాయితాలు చింపాను. వారం వారం నిన్ను చూడొచ్చు అన్న ముక్క దగ్గర ఆగిపోతున్నాను. మరదలి గొంతు వినొచ్చు. మన బండి హారన్ గోడ అవతల వినబడొచ్చు. వచ్చేస్తానని రాశాను కూడా. రాసి, సాయంత్రం గోడ దగ్గరికి పోయాను. పోయి, కాయితం చింపేశాను.

నేను ఉంటానురా. నువ్వంటే ప్రేమ తక్కువై కాదు. ఇప్పుడొస్తే నీ ఎదురుగా కూర్చునేది 'ఇస్త్రీపెట్టె'. అది కూడా నీ అక్కే, కాదనను. కానీ ఇది పూర్తి చేసినదాన్ని నీకు చూపించాలని ఉంది. నెమ్మదిగా చల్లారనీ. సంతకం చేసెయ్.

చేశాక ఆగస్టుకి రా. నీకొక పని కూడా ఉంది. ఈ గోడ లోపలివైపు ఎలా ఉంటుందో నాకు కంఠతా వచ్చు. బయటివైపు ఎప్పుడూ చూడలేదు. దగ్గరికి పోయి చూసి చెప్పు. ఇదీ చదువులో భాగమే, కాపీ కింద రాదు.

మీ రాళ్ళక్క

(అడుగున పెన్సిల్‌తో వేరే చేతిరాత: ఆగస్టు కార్యక్రమానికి కుటుంబం నుంచి ఇద్దరు రావచ్చు. గోడని ముట్టుకునే ముందు కాపలావాళ్ళకి చెప్పవలెను. దూకవద్దు.)


ఆగస్టు 19

అక్కా!

నిన్ననే ఇంటికి చేరాం, ఇంకా కాళ్ళు నేల మీద ఆనడం లేదు. ఎంత బాగా మాట్లాడావే! ఆ కళ్ళద్దాల పెద్దాయన "ఇదెలా తెలిసింది?" అని నిలదీస్తే, "చెయ్యి పెట్టి చూడండి సార్, తెలుస్తుంది" అన్నావు చూడు, నేను చప్పట్లు కొట్టబోతే మీ మరదలు చెయ్యి పట్టుకుంది. మళ్ళీ తనే ముందు కొట్టింది. గార్డు కూడా నిన్ను రాళ్ళక్క అనే పిలిచాడు. విన్నాను.

తిరిగొచ్చేముందు కాపలావాళ్ళకి చెప్పి గోడ బయటివైపు చూశాను. ఎండావానలకి నల్లబడింది, నాచు పట్టింది. చూడ్డానికి ఏమీ లేదు అనుకుంటుండగా మీ మరదలు జేబురుమాలు తడిపి ఒకచోట రుద్దింది. మరక వదిలించడం మనకి పుట్టుకతో వచ్చిన జబ్బు కదా. రుద్దేసరికి లోపల్నుంచి అదే గులాబీ రంగు, అదే మెరుపు! నువ్వు చూపించినదే. అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాను. గార్డు 'ఏంటండీ' అన్నాడు. 'మా అక్క చదువుకుంటోంది' అన్నాను.

బుడ్డోడు


మరుసటి ఏడాది, డిసెంబరు 18

ఒరేయ్ బుడ్డోడా,

అయిపోయిందిరా! ఇచ్చేశారు! పన్నెండుమందిలో తొమ్మిదిమందిమి మిగిలాం, తొమ్మిదిమందీ గట్టెక్కాం. ఈసారి ఇంటివాళ్ళని రానివ్వలేదని దిగులుపడకు, ప్రతి ముక్కా చెబుతాను.

పొద్దున్నే కాలేజీ నుంచి నల్లగౌన్ల మూట వచ్చింది. పట్టా తీసుకునేటప్పుడు వేసుకునేవి. ఎప్పట్నుంచో బీరువాలో మూలుగుతున్నవి, ముక్కవాసన వేస్తాయి, సర్దుకోండి అని మేడమ్ ముందే చెప్పింది. మూట విప్పితే వాసనా లేదు, దుమ్మూ లేదు. ఒక్కొక్కటీ ఎంత పద్ధతిగా మడతపెట్టి ఉందో! ఇదేదో తెలిసిన చెయ్యే అనుకున్నాను గానీ బుర్రకి తట్టలేదు. నాది తీసి తొడుక్కోబోతూ కాలరు తిప్పాను.

రెండు చుక్కలూ, ఒక గీతా.

తక్కిన ఎనిమిదింటికీ చూశాను. అన్నిటికీ అదే. తొమ్మిదిమందినీ మనింటి బట్టల్లో కలిపేశావు కదరా! మేడమ్‌ని పట్టుకుంటే అప్పుడు చెప్పింది, కాలేజీకి ఉత్తరం రాసి గౌన్లు అడిగి తెప్పించుకున్నావని. నీ ఆశ్చర్యాల జబ్బు ఇంకా తగ్గలేదన్నమాట. తగ్గనివ్వకు.

కానీ ఒకమాట. వృత్తిలో నేను నీకు గురువుని, చూసీచూడనట్టు ఊరుకోలేను. నా గౌనుకి కుడిభుజం మీద ఒక ముడత ఉంది. దారిలో పడిందో, నువ్వే వదిలేశావో. అందరూ 'ఏం కనబడదులే రాళ్ళక్కా, రా' అన్నారు. నాకు కనబడుతోందే! పట్టా తీసుకుంటూ మనిద్దరి పరువూ తియ్యనా?

లాండ్రీ గదికి పోయాను. అక్కడున్న అమ్మాయి నన్ను చూసి కంగారుపడి పక్కకి జరిగింది. అడిగి తీసుకున్నాను. కాస్త బరువైన పెట్టె, మనది నయం. నీళ్ళు చిలకరించి, నువ్వు చేసే తప్పు చెయ్యకుండా భుజం కిందినుంచి పైకి లాగాను.

ముడత పోయింది. పెట్టెని నెమ్మదిగా పీట మీద నిలబెట్టి, గౌను తొడుక్కుని వెళ్ళాను.

మీ అక్క